పాత పెల్లెట్ పొయ్యి కొనేముందు బస్తా చూడండి

కమర్షియల్ సిలిండర్ ధర పెరిగినప్పుడల్లా టిఫిన్ సెంటర్ల వాళ్లు, ఫంక్షన్లకు వంట ఒప్పుకునే వాళ్లు, హాస్టళ్లు నడిపే వాళ్లు పెల్లెట్ పొయ్యి వైపు, అంటే పొట్టు, ఊక లాంటివి గట్టిగా ఒత్తి చేసిన గుళికలు (పెల్లెట్లు) కాల్చే పొయ్యి వైపు చూస్తారు. కొన్న వాళ్లలో కొందరు ఏడాది తిరక్కుండానే అమ్మకానికి పెడతారు. అలా బయటికొచ్చిన పొయ్యిలు నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట దాకా, షాద్‌నగర్ నుంచి భూత్పూర్ దాకా రోడ్డు పక్క హోటళ్ల వెనక రేకుల షెడ్లలో కనిపిస్తూనే ఉంటాయి. వాటిలో కొన్ని నిజంగా మంచి బేరం. మిగతావి ఇనుప సామాను కింద తూకానికి పోవాల్సినవి. రెండింటికీ పైన రంగు ఒకటే కాబట్టి లోపలికి చూడటం తెలియాలి.

యూట్యూబ్‌లో పెల్లెట్ స్టవ్ అని వెతికితే ఎక్కువగా కనిపించేది వేరే వస్తువు. అది చలి దేశాల్లో హాల్లో పెట్టుకునే, అద్దాల తలుపున్న రూమ్ హీటర్. దానికి పెల్లెట్లను తోసే స్క్రూ, తనంతట అంటించే ఇగ్నైటర్, పొగను గోడ బయటికి పంపే ఫ్యాన్, వీటన్నిటినీ నడిపే బోర్డు ఉంటాయి. మన దగ్గర జనవరి చలి దుప్పటితో పోయేదే, దానితో మనకు పని లేదు. ఆ వీడియోలు చూసి ఇక్కడి పొయ్యిని పరీక్షించబోతే ఒక్క భాగమూ సరిపోలదు. ఇక్కడ చేతులు మారుతున్నది వంట పొయ్యి: ఒక మంట గది, దాని చుట్టూ గాలి తిరిగే డబ్బా, వెనక గాలి తోసే ఫ్యాన్ (బ్లోయర్), కింద బూడిద ట్రే. అంతే.

ముందు ఇంధనం లెక్క

పొయ్యి బేరానికి వెళ్లే ముందు మీ ఊరికి 30–40 కిలోమీటర్ల లోపు ఏ పెల్లెట్ దొరుకుతుందో, ఏడాది పొడవునా దొరుకుతుందో లేదో తేల్చుకోండి. చాలామంది ఇది తలకిందులుగా చేస్తారు. చవగ్గా వచ్చిందని పొయ్యి తెచ్చుకుని, తర్వాత ఇంధనం కోసం హైదరాబాద్ చుట్టుపక్కల ఫోన్లు తిప్పుతారు. కిరాయి కలిపితే బస్తా గ్యాస్‌తో సమానమవుతుంది. రెండు నెలలకు పొయ్యి మూలకు పోతుంది. అమ్మే మనిషి ‘పెల్లెట్లు దొరకట్లేదు’ అని చెప్తే అది అతని కష్టం మాత్రమే కాదు, రేపు మీదీ అదే.

మన ప్రాంతంలో మూడు రకాలు కనిపిస్తాయి. రంపపు పొట్టుతో చేసినవి అన్నిటికన్నా మేలు: కిలోకు సుమారు 4,000–4,500 కిలో కేలరీల వేడి, ఒకటి రెండు శాతం బూడిద. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు పల్లి బాగా పండుతుంది కాబట్టి పల్లికాయ పొట్టు పెల్లెట్లు. వేడి 4,000కు అటూ ఇటూ ఉంటుంది, కానీ కాయతో పాటు వచ్చిన మట్టి సరిగా జల్లించకపోతే అదే చిక్కు. మూడోది ఊక పెల్లెట్. మిర్యాలగూడ మిల్లుల పుణ్యమా అని ఊకకు కొదవ లేదు, ధరా తక్కువే. అయితే వేడి 3,000–3,400 మాత్రమే, బూడిద 15 నుంచి 20 శాతం.

సిలిండర్‌తో పోల్చడం కష్టమేమీ కాదు. కిలో గ్యాస్‌లో దాదాపు 11,000 కిలో కేలరీలు. 19 కిలోల సిలిండర్ అంటే రెండు లక్షల పైచిలుకు. పెద్ద గ్యాస్ పొయ్యి మీద అందులో సుమారు 55 శాతం గిన్నెకు అందుతుంది. మంచి పెల్లెట్ పొయ్యి 35 శాతం అందిస్తే గొప్ప. కాబట్టి ఒక సిలిండర్ బదులు పల్లి పొట్టు పెల్లెట్లు 80 కిలోలకు పైనే, ఊకవైతే నూరు కిలోలకు పైనే కావాలి. ఊక నూరు కిలోలు కాలిస్తే 15–20 కిలోల బూడిద ఎత్తిపోయాలన్నది కూడా లెక్కలో వేసుకోండి. మీ దగ్గరి పెల్లెట్ ధరను, కిరాయితో సహా, 80తో (ఊకవైతే 100తో) గుణించి సిలిండర్ ధర పక్కన పెట్టండి. మూడో వంతు కూడా మిగలకపోతే పొయ్యి వద్దు. మసి తోమడం, బూడిద ఎత్తడం, బ్లోయర్ కరెంటు, వర్షాకాలం చెడే బస్తాలు ఆ కాస్త తేడాను తినేస్తాయి.

ఇంకొకటి. థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బొగ్గుతో 5 శాతం బయోమాస్ పెల్లెట్లు కలిపి కాల్చాలని కేంద్రం 2021లో విధానం తెచ్చింది. లారీ లోడ్లు ఎత్తే గిరాకీ ఉన్నచోట నెలకు పది బస్తాలు కొనే హోటల్ వెనక వరుసలో నిలబడాల్సిందే. ఒకే ఫ్యాక్టరీ మీద ఆధారపడకుండా ఇద్దరు సప్లయర్లను చూసుకోండి.

పెల్లెట్ మంచిదో కాదో చేతిలోనే తెలుస్తుంది. విరిస్తే టప్పున విరగాలి, వంగి చిట్లిందంటే తడి ఉంది. గ్లాసు నీళ్లలో వేస్తే మునగాలి, కాసేపటికి ఉబ్బి పొట్టుగా విచ్చుకోవాలి. తేలిందంటే గట్టిగా ఒత్తలేదు. బస్తా అడుగున చెయ్యి పెట్టి తీస్తే పిండి పిడికెడు కన్నా ఎక్కువ రాకూడదు. కాల్చినప్పుడు జిగురు, రంగు వాసన వస్తే ప్లైవుడ్ పొట్టు కలిపారన్నమాట. వంటకు అది వద్దు.

ఏ రకం పొయ్యి, దేనికి

చిన్నవి బ్యాచ్ రకం: గదిలో ఒకసారి నింపి పైనుంచి అంటిస్తారు, అయిపోయాక మళ్లీ నింపాలి. పక్కన తొట్టి ఉన్నవి కాలుతుండగానే పెల్లెట్లు జారేవి. స్క్రూ తిప్పి తోసేవి మూడో రకం. పొడి పెరిగినా, తడికి ఉబ్బినా స్క్రూ బిగుసుకుపోతుంది, గేర్ మోటరు కాలితే విడిభాగం కోసం నగరానికి పోవాలి. చిన్న ఊళ్లలో స్క్రూ ఉన్న పాత పొయ్యి జోలికి పోకపోవడమే నయం.

అన్నం, బగారా, పప్పు, మటన్, ఇడ్లీ పాత్ర, స్నానాల నీళ్లు, ఇలా పెద్ద గంజు గంటల కొద్దీ పొయ్యి మీద ఉండే పనులకు ఇది బాగా పనికొస్తుంది. దోసె పెనానికి, చాయ్‌కి పనికిరాదు. మంట తగ్గించాలంటే బ్లోయర్ తగ్గించి మూడు నాలుగు నిమిషాలు ఆగాలి, ఈలోపు దోసె మాడుతుంది. టిఫిన్ సెంటరైతే సాంబారుకు, ఇడ్లీకి ఇది పెట్టుకుని దోసెకు గ్యాస్ ఉంచుకోండి, ఆ సిలిండర్‌ను ఈ మంటకు దూరంగా, వేరే వైపు పెట్టండి.

చూడటానికి వెళ్లేటప్పుడు

సొంత పెల్లెట్లు 5 కిలోలు, చిన్న డిజిటల్ కాటా, 20 లీటర్ల నీళ్లు పట్టే గిన్నె మూతతో, టార్చి, అయస్కాంతం ముక్క, స్క్రూడ్రైవర్, రెండు అగరుబత్తీలు. అమ్మేవాళ్లు చూపించడానికి ఏరికోరి రంపపు పొట్టు పెల్లెట్లే వేస్తారు, అందులో ఏ పొయ్యైనా బాగానే మండుతుంది. మీరు రేపు కాల్చబోయేది తీసుకెళ్లండి. ‘వచ్చేదాకా వెలిగించొద్దు’ అని ముందే చెప్పండి. వేడెక్కి ఉన్న పొయ్యిలో మొదటి పొగ కనిపించదు, నీళ్లూ తొందరగా కాగుతాయి.

మంట గది: డబ్బు పెట్టేది దీనికే

పొయ్యి విలువలో సగానికి పైగా ఈ గదిదే. కింద జాలి, అడుగు వైపు మొదటి గాలి రంధ్రాలు, పై అంచు దగ్గర రెండో వరుస రంధ్రాలు. కింది గాలి పెల్లెట్‌ను పొగ గ్యాస్‌గా మారుస్తుంది, పై గాలి ఆ గ్యాస్‌ను మండిస్తుంది. పై రంధ్రాలు చెడితే అది పెల్లెట్ పొయ్యి కాదు, ఫ్యాన్ పెట్టిన పొగ డబ్బా.

టార్చి వేసి పై వరుసను చుట్టూ చూడండి. రంధ్రాలన్నీ ఒకే సైజులో గుండ్రంగా ఉండాలి. ఒక పక్కవి కోలగా సాగి, రెండేసి కలిసిపోయి ఉంటే అటువైపు రేకు కాలిపోయింది. పూడుకుపోయి ఉంటే మాత్రం భయపడనక్కర్లేదు: అన్నం పొంగి కారిన గంజి, సాంబారు అక్కడే ఎండి రాయిలా గట్టిపడతాయి, మేకుతో గీరితే పోతాయి. కానీ ఉప్పు, పులుపు కలిసిన సాంబారు ఏళ్ల తరబడి కారినచోట రేకు కూడా పలచబడుతుంది. గీరిన తర్వాతే నిర్ణయానికి రండి.

స్క్రూడ్రైవర్ పిడితో గోడను చుట్టూ కొట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, పొరలు లేచినచోట చప్పుడు మొద్దుబారుతుంది. గోకితే పెంకులు పెంకులుగా రాలిందంటే అది మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) రేకు. ఎంఎస్ 550 డిగ్రీలు దాటితే అలాగే పొరలుగా తినేసుకుపోతుంది, ఈ గదిలో మంట అంతకన్నా చాలా ఎక్కువ వేడిలో ఉంటుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు దాదాపు 870 దాకా తట్టుకుంటుంది, 310 ఇంకా పైకి. అయస్కాంతం గట్టిగా అతుక్కుంటే ఎంఎస్ గానీ తక్కువ రకం స్టీలు గానీ. అతుక్కోకపోతే మాత్రం వెంటనే 304 అని నమ్మకండి, చవకైన 202 కూడా అతుక్కోదు. బిల్లు ఉంటే చూపించమనండి.

ఒక రకం మోసం కాని మోసం ఉంది. గది చిల్లు పడ్డచోట ఊళ్లో వెల్డింగ్ షాపులో ఎంఎస్ ముక్క అతికిస్తారు. స్టీలు, ఎంఎస్ వేడికి ఒకేలా సాగవు, కొన్నాళ్లకే అతుకు అంచున పగులుతుంది. లోపలి గోడ మీద గరుకైన వెల్డింగ్ గీత కనిపిస్తే గది మార్చాల్సిందే అనుకుని ధర కట్టండి.

లోపల ఫైర్ బ్రిక్ (వేడిని తట్టుకునే ఇటుక) గానీ కాస్టబుల్ సిమెంట్ (వేడిని తట్టుకునే పోత సిమెంటు) గానీ ఉంటే వెంట్రుక మందం పగుళ్లు మామూలే. 3 మిల్లీమీటర్లు దాటిన పగులు, ఊడిన ముక్క ఉంటే మళ్లీ పోయించాలి. పోశాక ఒక రోజు ఆరనిచ్చి, తర్వాత సన్న మంటతో గంటల కొద్దీ మెల్లగా వేడి చేయాలి. ఆ ఓపిక లేక మర్నాడే ఫుల్ మంట పెట్టిన చోట లోపలి తేమ ఆవిరై సిమెంటు పెచ్చులుగా లేచిపోతుంది.

జాలి తీసి చూడండి. పోత ఇనుముదైతే పగుళ్లు, స్టీలుదైతే వంకర. దాని మీద గాజులా మెరిసే ముద్దలు అతుక్కుని ఉంటే అది కరిగి గడ్డకట్టిన బూడిద: మట్టి ఉన్న పెల్లెట్లు, ఎక్కువగా పల్లి పొట్టువి, వాడి ఉంటారు. జాలి మార్చడం చవక. అయితే పొయ్యి ఎలాంటి ఇంధనంతో నడిచిందో ఆ ముద్దలే చెప్తాయి.

బ్లోయర్

రెండు రకాలు: 230 వోల్టులవి, అడాప్టర్‌తో నడిచే 12 వోల్టులవి. కరెంటు పోవడం మామూలైన చోట 12 వోల్టులది మేలు, బండి బ్యాటరీ తగిలించినా నడుస్తుంది. వంట మధ్యలో బ్లోయర్ ఆగితే మంట చచ్చి పొగ వెనక్కి తన్నుతుంది, తొట్టి ఉన్న రకంలో నిప్పు తొట్టిలోకి పాకే ప్రమాదమూ ఉంది. 230 వోల్టులదైతే ఇన్వర్టర్ ఖర్చు పొయ్యి ధరలో కలుపుకోండి.

మంట లేకుండా బ్లోయర్ ఒక్కదాన్నే 15 నిమిషాలు నడపండి. స్విచ్ వేయగానే తిరగాలి. చేత్తో తిప్పితే గానీ అందుకోకపోతే కెపాసిటర్ పోయింది, అది చిన్న ఖర్చు. కరకర చప్పుడొస్తే బేరింగులు. పావుగంట తర్వాత మోటరు మీద చెయ్యి ఉంచలేనంత వేడి ఉంటే వైండింగ్ అనుమానించండి. రెగ్యులేటర్ సన్న గాలి నుంచి పెద్ద గాలి దాకా మెల్లగా పెంచాలి, రెండే స్పీడులు ఇస్తే వంటకు ఇబ్బంది.

తర్వాత స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, లోపలి రెక్కల చక్రాన్ని టార్చితో చూడండి. ప్లాస్టిక్‌దైతే ఒంకర పోయిందా? దీని వెనక కథ ప్రతి హోటల్లోనూ ఒకటే. వంట అవ్వగానే పిల్లగాడు బ్లోయర్ స్విచ్ ఆపేస్తాడు, గదిలో నిప్పులు ఇంకా ఎర్రగానే ఉంటాయి. తోసే గాలి ఆగేసరికి వేడి గాలి గొట్టంలోంచి వెనక్కి వచ్చి చక్రాన్ని మెత్తబరుస్తుంది. ఒంకర చక్రం ఊగుతుంది, బేరింగ్ తింటుంది, గాలి తగ్గుతుంది, పొగ మొదలవుతుంది. యజమాని ‘పెల్లెట్లు బాగా లేవు’ అనుకుని పొయ్యి అమ్మేస్తాడు. ఇలాంటిది దొరికితే, గది బాగుంటే, కళ్లకద్దుకుని కొనొచ్చు. కొత్త బ్లోయర్ వేస్తే చాలు.

బ్లోయర్ నడుస్తుండగా అగరుబత్తి పొగను డబ్బా అతుకుల వెంట, బూడిద తలుపు చుట్టూ తిప్పండి. పొగ ఎక్కడ చెదిరితే అక్కడ గాలి కారుతోంది. తలుపు దగ్గరైతే దాని అంచున ఉండే సిరామిక్ రోప్ (వేడిని తట్టుకునే తాడు) మారిస్తే పోతుంది. డబ్బా అడుగున జంగు పట్టి కారుతుంటే, కడిగిన నీళ్లు నిలిచే వంటగదిలో ఉన్న పొయ్యి అది. అడుగు రేకు కొత్తది వేయించాలి. టెస్టర్ పెట్టి బాడీకి కరెంటు వస్తుందో లేదో కూడా చూడండి. తడి నేల మీద ఎర్తింగ్ లేని ఇనుప పొయ్యి ప్రాణం తీస్తుంది.

వెలిగించి చూడటం

కాటా మీద సరిగ్గా 1 కిలో తూచి గదిలో వేయండి. గది పెద్దదైతే 2 కిలోలు, నీళ్లు 40 లీటర్లు. ఎప్పుడైనా పెల్లెట్ మట్టం పై రంధ్రాలకు అంగుళం కింద ఆగాలి. పైన నాలుగు పుల్లలు, వాడిన నూనెలో ముంచిన గుడ్డ పీలిక పెట్టి అంటించండి. పెట్రోలు మాటే ఎత్తొద్దు. నిమిషం ఆగి సన్న గాలి, మంట పరుచుకున్నాక పెంచండి. మూడు నుంచి ఐదు నిమిషాలు పొగ రావడం సహజం. ఆ తర్వాత పై రంధ్రాల దగ్గర్నుంచి మంట చుట్టూ సమానంగా లోపలికి వంగాలి, పొగ కనిపించకూడదు.

తెల్ల పొగ ఆగకపోతే తడి పెల్లెట్లు లేదా మంట అందుకోలేదు. పసుపు మంట సాగి నల్ల మసి వస్తే పై గాలి చాలట్లేదు. మంట ఒక పక్కకే ఉంటే అవతలి పక్క రంధ్రాలు పూడాయి, లేదా డబ్బా కారుతోంది. నిప్పు రవ్వలు ఎగిరితే గాలి ఎక్కువైంది, లేదా బస్తాలో పొడి ఎక్కువ.

ఇప్పుడు 20 లీటర్ల నీళ్లు మూతపెట్టి ఎక్కించండి. 30 డిగ్రీల నీళ్లు మరగడానికి 1,400 కిలో కేలరీలు కావాలి. కిలో పల్లి పొట్టు పెల్లెట్లలో 4,000 ఉంటాయి. అంటే కిలోతో 20 లీటర్లు మరిగితే పొయ్యి 35 శాతం పని చేస్తోంది, చాలా మంచిది. చల్లటి పొయ్యి తానే కొంత వేడి తాగుతుంది కాబట్టి కిలోం పావు పట్టినా పర్లేదు. ఇటుక గది ఉన్న బరువైన పొయ్యికి రెండో దఫా లెక్క తీసుకోండి. కిలోన్నర దాటితే 23 శాతం. ఆ పొయ్యి మీద సిలిండర్ బదులు 80 కాదు, 120 కిలోలకు పైనే కాలుతుంది. అప్పుడు గ్యాస్ మీద మిగిలేదేమీ ఉండదు, ఉచితంగా ఇచ్చినా ఆలోచించండి.

చల్లారాక బూడిదను తూచండి. కిలోకు 20 గ్రాములా, 60 గ్రాములా, 200 గ్రాములా అన్నది మీ పెల్లెట్ సంగతి. కాలని నల్ల బొగ్గు చాలా మిగిలితే కింది గాలి అందట్లేదని పొయ్యి సంగతి.

బేరం

గది గట్టిగా ఉండి బ్లోయర్ మాత్రమే పోతే, అదే సైజు కొత్త పొయ్యి ధరలో సగం నుంచి బ్లోయర్ ఖర్చు తీసేసి చెప్పండి. గది పోయి మిగతావన్నీ మెరుస్తున్నా సరే, పాత ఇనుము తూకం ధర మీద కొంచెం కన్నా ఎక్కువ పెట్టొద్దు. గది మార్పించే ఖర్చుకు ఇంకొంచెం కలిపితే కొత్తదే వస్తుంది. చాలా పొయ్యిలు స్థానికంగా తయారైనవి, కంపెనీ ప్లేటు కూడా ఉండదు. తయారు చేసిన మిస్త్రీ ఎవరో కనుక్కుని, జాలి, గది ఇప్పటికీ చేసిస్తాడో లేదో ఫోన్ చేసి అడిగాకే బయానా ఇవ్వండి. బ్లోయర్ గొట్టం సైజు కొలుచుకోండి, బజార్లో దొరికేదానికి సరిపోకపోతే అడాప్టర్ రింగు చేయించాలి.

చిమ్నీతో సహా ఇస్తానంటే గొట్టం లోపల వేలితో రాయండి. పొడి మసి అయితే సరే. తారులా నల్లగా, మెరుస్తూ అంటుకుంటే తడి ఇంధనం కాల్చారు, ఆ తారు ఒక్కోసారి తానే అంటుకుంటుంది. అలాంటి గొట్టం వదిలేసి కొత్త జీఐ (జింకు పూత ఇనుప) గొట్టం వేసుకోండి, మలుపులు రెండుకు మించకుండా, రేకుల పైన కనీసం మూడడుగులు లేచేలా.

తెచ్చాక

ట్రాలీలో నిలబెట్టే తేవాలి, పడుకోబెడితే ఇటుకలు కదులుతాయి. పొయ్యికి, టార్పాలిన్‌కు, బస్తాలకు మధ్య కనీసం ఐదారు అడుగులు. బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు జానెడు దూరంలో పేర్చండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా పదిహేను రోజులకు సరిపడా కన్నా ఎక్కువ నిల్వ వద్దు. పక్కన ఇసుక బకెట్ ఉండాలి. ఎర్రగా ఉన్న గదిలో నీళ్లు పోస్తే సిమెంటు పగులుతుంది, ఆవిరి మొహాన కొడుతుంది.

పనివాళ్లకు చెప్పాల్సినవి రెండే. వంటయ్యాక నిప్పులు నల్లబడేదాకా బ్లోయర్ సన్నగా తిరగాలి. చలికాలం రాత్రి నిప్పులున్న పొయ్యి పక్కన తలుపులు మూసుకుని పడుకోకూడదు. పొగ లేని నిప్పుల్లోంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ అనే విష వాయువు వస్తుంది, దానికి వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లకు తెలియను కూడా తెలియదు.

బూడిద రోజూ, పై రంధ్రాలు వారానికొకసారి, బ్లోయర్ రెక్కల మీద దుమ్ము నెలకొకసారి. ఒక కెపాసిటర్, ఒక జాలి, రెండు మీటర్ల సిరామిక్ రోప్ అల్మారాలో ఉంచుకోండి. పెళ్లి వంట మధ్యలో రాత్రి పది గంటలకు వీటికోసం ఏ దుకాణమూ తెరిచి ఉండదు.